వేపమండ కట్టిన తలుపు

పోయిన నెలలో ఒక పొద్దున యూ టీ పేటలో మా ఫ్లాట్ వంటింట్లో కాఫీ కలుపుకుంటూ ఉండగా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఆ ఇంటి నుంచి నాకు ఫోన్ రావడమే అపురూపం. ఇరవై తొమ్మిదేళ్లుగా వాళ్లతో నా బంధుత్వం ఎక్కడైనా ఎదురుపడితే తల ఊపడం వరకే. పిన్నికి అక్కి లేచిందట, వీపంతా పొక్కులట, తన చెయ్యి అందదు కనుక ఎవరో ఒకరు మందు రాయాలట. పిల్లేమో కడుపుతో ఉంది, చిన్నప్పుడు అమ్మవారు పోయలేదు కనుక తల్లి ఛాయలకు కూడా వెళ్లవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. "అక్కా, నీకు ముందే చికెన్‌పాక్స్ వచ్చింది కదా, నీకేం కాదు. యూ ఓన్లీ కెన్ లా" అంది, నువ్వే చేయగలవని ఇక్కడి ఇంగ్లీషులో; ఇక్కడ పెరిగిన పిల్ల కదా. నాకు ముందే వచ్చిన సంగతి ఆ ఇంట్లోవాళ్లకి ఒకరు చెప్పాలా! కాఫీ చల్లారిపోయేదాకా నవ్వుకున్నాను. అది మంచి నవ్వు కాదని నాకు తెలుసు.

పాతికేళ్ల వయసులో ఉద్యోగానికని ఇండియా నుంచి ఈ ద్వీప దేశం వచ్చి, హౌగాంగ్‌లో పిన్నివాళ్లింట్లో ఉండేదాన్ని. ఉద్యోగమంటే చీమలకు కాపలా. ఒక పరిశోధనశాలలో ప్లాస్టిక్ డబ్బాల్లో చీమల్ని పెంచి, వాటికి బూజు రోగం అంటించి, అవి ఏం చేస్తాయో గంటల తరబడి చూసి రాసుకోవడం. చీమలకు పంచదార పెట్టడానికి అంత చదువెందుకే అని మా అమ్మ ఉత్తరంలో దెప్పింది కూడా. నాకు మాత్రం ఆ చీమలంటే ప్రాణం. ఒంటిమీద బూజు పడిన చీమను తక్కినవి తరిమేయవు, చుట్టూ చేరి నాకి నాకి శుభ్రం చేస్తాయి; ఆ నాకడంలో తమకూ కాస్త అంటుతుంది, కాని ఆ కాస్త అంటినవే తరవాత అదే రోగాన్ని బాగా తట్టుకుంటాయి. ఇక బతకననుకున్న చీమ మాత్రం తనంతట తానే గూడు వదిలి దూరంగా పోయి చచ్చిపోతుంది. ఎన్ని తరాలు చచ్చి, ఎన్ని తరాలు బతికితే అబ్బిన తెలివో అది, ఎవరూ నేర్పకుండానే ఆ ఆవగింజంత బుర్రలో ఉంటుంది.

ఇవన్నీ భోజనాల దగ్గర పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని, పిన్నీ బాబాయీ కూడా సరదాగా వినేవారు. ఒకసారి సముద్రపు పెద్ద రొయ్యల సంగతి చెప్పాను. అవి ఒకే బొరియలో కలిసి ఉంటాయి గాని, లోపల రోగం పట్టినది ఉంటే వాసనతోనే పసిగట్టి అందులోకి అడుగుపెట్టవు. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలియలేదు.

ఆ తరవాత కొద్ది రోజులకే నాకు జ్వరం వచ్చి, ఒళ్లంతా పొక్కులు లేచాయి. మా వైపు ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టి, మెత్తని మాటలు మాట్లాడి, తగ్గాక పసుపూ వేపాకూ వేసిన నీళ్లతో స్నానం చేయిస్తారు. ఆ మనిషిని గడప దాటించడం మహాపరాధం. బాబాయి మనవాళ్ల అంగళ్లుండే లిటిల్ ఇండియా వెళ్లి వేపమండ తెచ్చాడు కూడా. కాని పిన్ని గోడకు అతుక్కుని నిలబడి, "నాకెప్పుడూ పోయలేదే, నీ దగ్గరికి రాలేను. పాపకి మూడేళ్లు" అంది. పాప మాట నిజమే. గదిలో తలుపు వేసుకుని ఉంటాను, కంచం గుమ్మం దగ్గర పెట్టు చాలు అని బతిమాలాను. "రొయ్యలే దూరం పెడతాయని నువ్వే చెప్పావుగా" అంది. బాబాయి నా సూట్‌కేసు లిఫ్టు దగ్గర పెట్టి వచ్చాడు. నా కోసం తెచ్చిన వేపమండను, నా వెనకాల వేసిన తలుపుకు కట్టారు.

సూట్‌కేసు మీద కూర్చుని ఏడుస్తున్న నన్ను పై అంతస్తు హైదరాబాదీ ఆంటీ చూసింది. "అయ్యో బేటా, నాకు చిన్నప్పుడే అయిపోయింది, నడువు మా ఇంటికి" అని పొక్కుల చెయ్యే పట్టుకుని తీసుకుపోయింది. స్నానం కూడా ఆవిడే చేయించింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆవిడ మీద ప్రేమా, పిన్ని మీద కసీ రెండూ సమానంగా పెంచుకుంటూ వచ్చాను. బాబాయి పోయినప్పుడు కూడా లిఫ్టు దగ్గరి దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను.

అలాంటిదాన్ని, ఆ ఫోన్ వచ్చిన రోజే వెళ్లాను. దారిలో వేపమండ కొని, బెల్లు కొట్టకముందే ఆ తలుపుకు నా చేతులతో కట్టాను. పిన్ని తలుపు తీసి, దాన్ని చూసి, తల దించుకుంది. నా కడుపు చల్లబడింది. అంతటితో వదలలేదు. అక్కి ఊరికే లేవదు; చిన్నప్పుడు అమ్మవారు పోసినవాళ్ల ఒంట్లోనే ఆ రోగం దాగి ఉండి ముసలితనంలో తిరగబడుతుంది. అంటే ఆ రోజు నా దగ్గర కూర్చుంటే ఆవిడకు ఏమీ అయ్యేది కాదు. వీపుకు మందు రాస్తూ, "నీకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందా పిన్నీ?" అని అడిగాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడూ అడిగాను. రోజూ అడిగాను, మందు రాసినంత శ్రద్ధగా.

పదో రోజున గోడకేసి చూస్తూనే అంది, "పోసింది. ఏడేళ్లప్పుడు. నాకు తెలుసు."

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నాను. తీరా వినేసరికి నా వేళ్ల మీద మందు ఇంకా ఉంది, ఆవిడ వీపు మీద ఇంకా రెండు పొక్కులు మిగిలాయి. రాశాను.

ఇప్పుడు పిల్లలకు టీకా ఉంది. మా చెల్లెలికి పుట్టబోయే బిడ్డకు అమ్మవారంటే ఏమిటో తెలియదు, వేపమండ కట్టిన తలుపులు ఈ ఫ్లాట్లలో ఇక కనబడవు. మంచిదే. కాని ఒళ్లంతా పొక్కులతో నిలబడితే చెయ్యి పట్టుకునేదెవరో, తలుపు వేసేదెవరో మన తరంవాళ్లకు చిన్న వయసులోనే తెలిసిపోయేది. ఈ పిల్లలకు అది తెలియడానికి ఎన్నేళ్లు పడుతుందో.

ఆ రోజు నేను బయలుదేరుతుంటే పిన్ని లేచి కూర్చుని, "రేపు కూడా వస్తావా అమ్మా?" అంది. మందు అయిపోయింది, ఇక వెళ్లనక్కరలేదు. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఇరవై తొమ్మిదేళ్లు నేను కాచుకున్నాను. ఒక్క రోజు ఆవిడ కాచుకోలేదా, ఎల్లుండి వెళ్లొచ్చులే అనుకున్నాను.