మడమ ముందా, మునివేళ్లు ముందా

నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు నేను ఐదు వేల మీటర్ల పరుగు పరిగెత్తేదాన్ని. అది తొంభైల నడిమి కాలం. అప్పటిదాకా నాకు ఉన్నవి తెల్ల కాన్వాసు బూట్లు. అడుగు అరిగి అట్టలా పలచబడి, రాయి తొక్కితే రాయి తెలిసేది. పరుగు మాత్రం హాయిగా సాగేది. పాదం ఎలా పడుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడు యూనివర్సిటీ జట్టు ఎంపికకు నన్ను పంపుతున్నారని ఇంట్లో చెప్పాను. ఆళ్లగడ్డలో బట్టల అంగడి నడిపే మా నాయన సరుకు కోసం బెంగళూరు వెళ్లినప్పుడు నాకు మంచి బూట్లు తెచ్చాడు. ఆడవాళ్ల సైజు దొరకలేదట, మగవాళ్ల బూట్లలోనే చిన్న జత. మడమ కింద రెండు వేళ్ల మందాన రబ్బరు. ముందు భాగంలో దూది కుక్కి వేసుకుంటే పరుపు మీద నడిచినట్టుంది. నాయన నన్ను అంగడి ముందర అటూ ఇటూ నడిపించి, పక్క అంగడివాళ్లను పిలిచి చూపించాడు.

మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సార్ కూడా సంతోషపడ్డాడు. నావి పొట్టి అడుగులని ఆయనకు ముందునుంచీ అసంతృప్తి.

"ఇంగ బూట్లు వచ్చినాయి గదా. అంగ పెద్దగా ఎయ్యి. కాలు ముందుకు సాపు, మడమ మొదలు పడాల," అన్నాడు.

అలాగే పరిగెత్తాను. మొదటి వారం బాగానే ఉంది. ఆ తర్వాత మోకాలి కింద ఎముక వెంబడి సన్నటి నొప్పి పట్టుకుంది. మొదట పరుగు అయ్యాక వచ్చేది, తర్వాత పరుగులోనే, చివరికి హాస్టల్ మెట్లు దిగుతున్నా వచ్చేది.

"యాడ నొస్తాంది?" అని సార్ అడిగితే చూపించాను.

"అది బలం లేక. ఇంకో రెండు రౌండ్లు కొట్టు, అదే పోతాది."

పోలేదు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఎంపికకు నెల కూడా లేదు, ఆ మాట వినగానే ఒళ్లు మండింది. కొత్త బూట్లు మంచం కిందికి తోసేసి పాతవి తొడుక్కున్నాను. మడమ నేలకు ఆననివ్వనని పంతం పట్టి, మునివేళ్ల మీదే మునుపటంత దూరమూ పరిగెత్తాను. ఎముక నొప్పి నిజంగానే తగ్గింది. కానీ నాలుగు రోజులకే పిక్కలు బిగుసుకుపోయి, పొద్దున లేచి కాలు కింద పెట్టలేకపోయాను.

ఇంటికి వస్తే నాయన అడిగాడు.

"బూట్లు సరిగా లేవామ్మా?"

"బూట్లు బాగుండాయి నాయనా. నా కాళ్లే బాగలేవు."

"కాళ్లకేమైంది? చిన్నప్పట్నుంచి ఉరుకుతానే ఉంటివి గదా."

తప్పు బూటుదా, అంగదా, నా తొందరదా? రెండుసార్లూ అన్నీ కలిపి ఒకేసారి మార్చేశాను. ఏది చెడగొట్టిందో విడదీసి చెప్పేవాళ్లు నాకెవరూ దొరకలేదు. ఎంపిక రోజున పరుగు సగంలో ట్రాక్ పక్కకు తప్పుకున్నాను. సార్ గడియారం పట్టుకుని మిగిలినవాళ్ల వైపు తిరిగాడు.

తర్వాత ఆళ్లగడ్డలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా చేరాను. కొన్నేళ్లు నా పరుగు మాటే ఎత్తలేదు. రెండు వేల ఎనిమిదో తొమ్మిదో, ఒక రోజు ఇంటర్నెట్ సెంటరులో పలచటి అడుగున్న బూట్ల గురించి చదివాను. మడమ కింద మందం ఉంటే చాలామంది కాలు ముందుకు చాపి మడమ మీద పడతారట, ఆ అదురు కాలెముకకు, మోకాలికి పోతుందట. పలచటి బూట్లయితే అడుగు పొట్టిదై పాదం ఒంటి కిందే పడుతుందట. అప్పుడు ఆ భారం పిక్కల మీదికి మారుతుంది కాబట్టి నెలల తరబడి మెల్లగా అలవాటు చేసుకోవాలట. అందరికీ ఒకటే సరిపడదని కూడా రాశారు. నా కాళ్లకు జరిగిందంతా అందులో ఉంది. సంతోషపడాల్సింది పోయి, కోపం వచ్చింది. ఇంతమాత్రం ఆ రోజు ఎవరైనా చెప్పి ఉండొచ్చు కదా అనిపించింది.

మళ్లీ మొదలుపెట్టాను. కొన్నాళ్లు పలచటి బూట్లతో నడక, తర్వాత స్కూలు మైదానంలో సగం చుట్టు. ఒకప్పుడు అడక్కుండానే వచ్చిన పొట్టి అడుగు ఇప్పుడు గుర్తుపెట్టుకుని వేయాల్సి వచ్చేది. ఏడాది తిరిగేసరికి కాలవ గట్టు మీద అరగంట నొప్పి లేకుండా పరిగెత్తాను. కానీ పోటీలకు పోయే వయసు దాటిపోయింది.

ఆ రోజుల్లోనే మా స్కూల్లో పరుగు నేర్చుకునే ఒక అమ్మాయి తల్లి నా దగ్గరికి వచ్చింది.

"మా పాపకు ఏ బూట్లు కొనియ్యాల మేడమ్? మందంవా, పలచటివా?"

"ఇప్పుడుండే వాటితో నొప్పి లేకపోతే వాటినే ఉండనీమ్మా. మార్చాలంటే మెల్లగా మార్చాల. పాప ఎట్ల ఉరుకుతాందో నేను ముందు చూడాల."

"అట్ల కాదు మేడమ్. నేను నంద్యాలకు పోతాండా, బస్సుకు టైమైతాంది. ఏదో ఒకటి చెప్పు."

"ఒక్క మాటలో చెప్పేది కాదమ్మా."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "టీచరై ఉండి నీకే తెలీకపాయ," అని గేటు దాటి బస్టాండు వైపు గబగబా నడిచింది. వెనక్కి పిలుద్దామని గేటు దాకా వెళ్లాను. పిలిచినా చెప్పేది ఆ మాటే కదా అనుకుని, ఆ పాప ఎలా పరిగెత్తుతోందో చూద్దామని మైదానం వైపు తిరిగాను.