బొటనవేలి కింద పెళ్లికూతురు

పలాసలో పుట్టిన మాకు జీడిపప్పు ముక్కలే దక్కుతాయి. గుండు పప్పు చూడాలంటే హైదరాబాదులో ఎవరింటికైనా చుట్టంగా వెళ్లాలి.

మా నాన్న మేనత్త ముప్పై ఏళ్లు జీడి గింజలే కొట్టింది. పెంకులోంచి కారే జీడి నూనెకి ఆమె బొటనవేలు నల్లగా కాలిపోయి ఉండేది. మా తాతగారి పెళ్లి ఫొటో ఆమె ట్రంకుపెట్టెలో ఉండేది. ఎవరడిగినా కాదనకుండా చూపించేది, పెళ్లికూతురి ముఖం మీద ఆ వేలు అదిమిపెట్టి. ఆ పెళ్లికూతురు మా నాన్న తల్లి. అరవై ఏళ్లొచ్చినా ఆయన ఆ ముఖం చూడలేదు.

వంశవృక్షం రాస్తున్నానన్న వంకతో నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాను.

"ఏలు తియ్యి మామ్మా, ఫోన్లో తీసుకుంతాను" అన్నాను.

పెద్ద మనసు చేసుకుని తీసింది. కింద ముఖం లేదు. ఇన్నేళ్ల జీడి నూనెకి అక్కడ వేలంత మరక మిగిలింది. పక్కన తాతగారు మాత్రం మీసంతో సహా క్షేమంగా ఉన్నారు.

నాన్న ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "అమ్మ మొకం ఒక్కపాలి సూద్దామనుకున్నానత్తా" అన్నాడు.

"నిన్ను కని, నీ మొకం సూసి సచ్చిపోనాది. దాని మొకం సూసి నువ్వేటి సేత్తావురా?" అంది ఆమె.