నా పేరు చెక్కిన గ్లాసు

ఆ రోజుల్లో మా వైపు ఇళ్లలో స్టీలు సామాను మీద ఎవరో ఒకరి పేరు చెక్కి ఉండేది. మా ఇంట్లో కంచాల మీద తాతయ్య పేరు, చెంబుల మీద నాన్న పేరు, చివరికి నూనె గరిటె మీద కూడా ఎప్పుడో పెళ్లయి వెళ్లిపోయిన మేనత్త పేరు. నా పేరు చెంచా మీద కూడా లేదు. అందుకే తొమ్మిదో తరగతిలో ఉండగా, నందిగామ సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి పేరు చెక్కిన స్టీలు గ్లాసు అని మా సైన్సు మాస్టారు చెప్పగానే నాకు సైన్సు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. (ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నారని ఎవరైనా అడిగితే ఇంకేదో గొప్ప కారణం చెబుతుంటాను, అది వేరే సంగతి.)

మాది మిరప పండించే ఇల్లు కాబట్టి మాస్టారు మిరప మొక్కతోనే ప్రయోగం చెయ్యమన్నారు. ఆకుముడత తెగులు పట్టిన రెండు మొక్కల్ని రెండు డబ్బాల్లో పెట్టి, ఒకదానికి వేపగింజల కషాయం చల్లాలి, రెండోదాన్ని దాని ఖర్మకు వదిలెయ్యాలి, నెల తర్వాత తేడా చూపించాలి. కషాయం పలచగా ఉండాలని ఆయన చెప్పారు గానీ, చిక్కగా ఉంటే గుణం ఇంకా ఎక్కువ కదా అని నేను నాలుగింతల గింజలు దంచి పోశాను. ఆ తర్వాత పరీక్షలని జగ్గయ్యపేటలో పిన్ని వాళ్లింట్లో పదిహేను రోజులున్నాను. ప్రదర్శనకు ముందు రోజు ఇంటికొచ్చి చూస్తే, కషాయం చల్లిన మొక్క ఆకులు మాడి మోడయింది. వదిలేసిన మొక్క నిండా పూతతో, మూడు కాయలతో పచ్చగా నిలబడి ఉంది.

ఏడవడానికి కూడా టైము లేదు. పొద్దున బస్సెక్కే ముందు డబ్బాల మీద 'కషాయం', 'కషాయం లేదు' అని రాసి ఉన్న చీటీలు పీకి, దీనిది దానికీ దానిది దీనికీ అంటించేశాను. గ్లాసు కళ్ల ముందే మెరుస్తోంది. డబ్బాలు మొయ్యడానికి సాయమంటూ నాయనమ్మ కూడా బయలుదేరింది. నందిగామలో బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన లెక్చరరుగారు పచ్చని మొక్కను వంగి చూసి, కషాయం ఇంత బాగా పనిచేసిందా అంటూ మాస్టారి వైపు మెచ్చుకోలుగా తలూపారు. గ్లాసు దాదాపు నా చేతిలోకి వచ్చేసింది. అప్పుడు మా నాయనమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"కషాయం కాదండీ, దానికి పులిసిన మజ్జిగా పేడనీళ్లూ పోసింది నేను. కళ్ల ముందు మొక్క ముడుచుకుపోతా ఉంటే చూస్తా ఎట్టా ఊరుకుంటామండీ."

లెక్చరరుగారు చీటీ వైపు, ఆ తర్వాత నా వైపు చూశారు. చీటీలు మార్చానని ఒప్పుకున్నాను. ఆయన నన్ను ఏమీ అనకుండా, మజ్జిగ ఎన్ని రోజులు పులియబెట్టావమ్మా అని నాయనమ్మను అడిగి శ్రద్ధగా రాసుకున్నారు. గ్లాసు మాత్రం ఇసుక, బొగ్గులతో మున్నేటి నీళ్లు వడకట్టి చూపించిన పెనుగంచిప్రోలు అమ్మాయికి వెళ్లింది.

తిరుగు బస్సులో ఒళ్లో మోడు పెట్టుకుని ఏడుస్తూ, గ్లాసు నీ వల్లే పోయిందని నాయనమ్మను అనేశాను. జగ్గయ్యపేటలో దిగాక ఆవిడ నన్ను నేరుగా స్టీలు సామాన్ల కొట్టుకు తీసుకెళ్లి, ఓ గ్లాసు కొని నా పేరు చెక్కించింది. "వాళ్లిచ్చేదేంటే, మనం చెక్కించుకోలేమా" అంది. దొంగపని చేసి కూడా గ్లాసు అందుకుంటున్నందుకు నాకు సిగ్గేసింది. అయినా రెండు చేతులా అందుకున్నాను.

ఇప్పుడు నేనే సైన్సు టీచర్ని. ప్రయోగంలో ఒక మొక్కను వదిలెయ్యాల్సిందేనని ఏటా పిల్లలకు గట్టిగా చెబుతాను, చీటీలు నా ఎదుటే అంటించమంటాను. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక, బడి వరండాలో ఆ వదిలేసిన మొక్క ముడుచుకుపోయి కనిపిస్తుంది. ఎంత వద్దనుకున్నా మర్నాడు నా పేరున్న గ్లాసులో కాస్త పులిసిన మజ్జిగ పట్టుకెళ్తాను. పాపం, మా పిల్లలకు ఇంతవరకూ ఒక్క బహుమతీ రాలేదు.