పట్టు కుర్చీ మీద ముళ్లకాయ

మా హార్ల్‌స్కోట్ హాల్ అనే పాత దొరల బంగళాలో మూడు వందల ఏళ్లనాటి పట్టు కుర్చీలున్నాయి. చూడ్డానికొచ్చినవాళ్లు కూర్చోకుండా ఒక్కోదాని మీద ఒక్కో ఎండిన ముళ్లకాయ పెడతాం. కూర్చోవద్దని బోర్డు పెడితే మనిషికి కూర్చోవాలనే అనిపిస్తుంది మరి. పార్కులో చెరువుగట్టున వాటిని కోసేది నేను, తోటమాలిని. కుర్చీల మీద పెట్టేది ఎనిడ్ ప్రాక్టర్.

ఎనిడ్‌కి ఎనభై రెండు. పదహారో ఏట ఈ ఇంట్లో పొయ్యిలు తుడిచే పనికి చేరింది. దొరల కుటుంబం వెళ్లిపోయి టిక్కెట్లు పెట్టాక, జీతం లేకుండానే పెద్ద హాలుకి కాపలా నిలబడింది. పెళ్లి లేదు, పిల్లల్లేరు. వారానికి మూడు మధ్యాహ్నాలు అక్కడ లేకపోతే ఆవిడకి వారమే లేదు. నోరు మాత్రం నలుగురి పెట్టు.

ఈ వేసవిలో మోకాళ్లు మొరాయించాయి. కొత్త మేనేజరు రొవీనా మంచి పిల్లే, కానీ రూలంటే రూలే.

"ఎనిడ్ గారూ, రెండు గంటలు నిలబడలేనివాళ్లని ఇక్కడ ఉంచలేను. శనివారం చూస్తాను."

"చూడమ్మాయ్. ముందు నీకే కాళ్లు లాగుతాయి."

నాకు ఒళ్లు మండింది. కాపలా కాసేది కళ్లా, కాళ్లా? అయినా తోటమాలి మాట ఎవరు వింటారు.

శనివారం గులాబీలు మార్చడానికి హాల్లోకెళ్లాను. రెండు గంటలు నిండడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. తలుపు దగ్గర రొవీనా గడియారం చూసుకుంటోంది. ఎనిడ్ మొహం పాలిపోయింది. ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పి వెనకున్న పట్టు కుర్చీలో చతికిలబడింది. ఇందాక తను పెట్టిన ముళ్లకాయ మీదే.

ఎగిరి లేచిందండీ, మా పార్కులో జింకలు కూడా అంతెత్తు ఎగరవు.

"ఏమయ్యా, ఇంత ముదురువి కోసుకొచ్చావేం?" అని నా మీద పడింది. రొవీనా నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. నేనూ నవ్వాను. ఎనిడ్ మాత్రం నవ్వలేదు.

"ఓడిపోయానమ్మాయ్. కోటు తెచ్చుకుంటాను," అంది. ఆ గొంతు విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోటు వేసుకుని సెలవు చెప్పడానికొచ్చేసరికి హాలు తలుపు పక్కన వంటింటి చెక్క కుర్చీ ఉంది. రొవీనా తనే మోసుకొచ్చి ఆయాసపడుతోంది. దాని మీదా ఒక ముళ్లకాయ.

"ఇదెవరికోసం?" అంది ఎనిడ్.

"మీకే. మీరు టీకి వెళ్లినప్పుడు ఇంకెవరూ కూర్చోకుండా ఆ కాయ."

ఎనిడ్ ముళ్లకాయ తీసి నా చేతిలో పెట్టింది, కోటు విప్పింది, కూర్చుంది. అరవై ఆరేళ్లు ఆ ఇంట్లో పనిచేసిన మనిషి ఆ హాల్లో నిదానంగా కూర్చోవడం అదే మొదలు.