కిందికి తగిలించాల్సిన పటం

నా పేరు సుంకమ్మ. డెబ్బై దాటినదాన్ని. పత్తికొండలో కొడుకూ కోడలితో ఉంటాను. మా గోడకు ఆనుకున్న ఇంట్లో సంగీతం చెప్పే పంతులమ్మ పోయిన నెల కన్నుమూసింది. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ఆమె శిష్యురాలు రాధ రాస్తోంది. పంతులమ్మ జ్ఞాపకంగా ఆమె దగ్గర పాట నేర్చుకున్న పిల్లలు వేసే ఈ పుస్తకం చదివేవాళ్లంతా నా మాట విని న్యాయం చెప్పాలి.

పంతులమ్మ గోడకు ఒక పటం ఉంది. దాన్ని కర్నూలులో సంగీతం బడి హాలుకు ఇస్తానంటాడు ఆమె తమ్ముడు. ఆమె దాన్ని నాకిచ్చి పోయింది.

ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఎండుమిరప తొడిమలు తీసి నడుం వాల్చానో లేదో, హార్మోనియం మొదలైంది. పోట్లాడదామని పోయాను. గోడకు పటం కనబడేసరికి దేవుడనుకుని చేతులు జోడించాను. దాంతో నా కోపం పరువు సగం పోయింది. దేవుళ్లు కాదనీ, హాలెండు దేశంలో వెనకటి కాలపు ఇంటివాళ్లు పాడుకుంటున్నారనీ పంతులమ్మ చెప్పింది. దగ్గరికి పోయి చూశాను. నలుపూ తెలుపూ బండల గది. కిటికీ దగ్గర ఒకామె కాళ్లున్న హార్మోనియంలాంటిది వాయిస్తోంది. ఒకాయన నిలబడి పాడుతున్నాడు. ఒక ఖాళీ కుర్చీ. గడప దగ్గర చీపురు.

"ఇంట్లో చెప్పులేసుకోనుండారు. పొరక గడపలోనే పారేసినారు. ఆ యమ్మకు అత్త ల్యాదా?" అన్నాను.

పంతులమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పొరక పక్కన పెడితేనే గదక్కా, చేతికి పాటొచ్చేది."

పెళ్లయి వచ్చినప్పటి నుంచి పని మధ్యలో చీపురు దించి ఎరగను. మర్నాడు దించి ఆమె ఇంటికి పోయాను, ఆ తర్వాత రోజూ పోయాను. నేను పాడింది లేదు. తొడ మీద తాళం వేసుకుంటూ నేల మీద కూర్చునేదాన్ని. పరీక్ష ఎప్పుడత్తా అని కోడలు ఎగతాళి చేసేది.

తిన్నావా అని అడగకుండా పంతులమ్మ ఏ పిల్లనూ పాడమనేది కాదు. పిల్ల శ్రుతి తప్పితే అరిచేది కాదు. హార్మోనియంలో షడ్జం మెట్టు మీంచి వేలు తీయకుండా ఎదురుచూసేది. "తప్పిపోయినోళ్లను గదమాయిస్తే ఇంకా దూరం పోతారక్కా. దీపం పెట్టుకోని కూచుంటే వాళ్లే వస్తారు" అనేది.

మంచాన పడ్డాక ఒకనాడు పటం చూపించింది. అప్పుడు మంచం పక్కన రాధ ఉంది, పూలమ్మే మస్తాన్‌బీ ఉంది.

"ఆ కుర్చీ నీదే అక్కా. పటం నువ్వే తీసుకో."

"నాకు కుర్చీ అలవాటు ల్యా. కిందనే కూచుంటా."

"అయితే కిందికే తగిలిచ్చుకో."

ఆమె తమ్ముడికి ఒకటే చెబుతున్నా. హాలులో అయితే ఫ్యాను పక్కన, ఎవరి కంటికీ అందనంత ఎత్తున పెడతారు. పనిలో నుంచి లేచి వచ్చిన ఆడదానికి అది ఎట్లా కనబడుతుంది?

మా నట్టింట్లో, నేను కూర్చుంటే కళ్లకు అందేంత ఎత్తులో మేకు కొట్టించాను. సాయంత్రం ఎండ పడితే ఆ ఉత్త మేకు నీడ గోడంతా సాగుతుంది. దాని ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

సుంకమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: రాధ, మస్తాన్‌బీ