స్విచ్‌కి కట్టిన పసుపు దారం

మా తాతలు కూలికొచ్చిన చెరకు దీవిలో, వకోవా అనే ఊళ్ళో, మా నాన్న ఒక తెల్లదొర దగ్గర కారు నడిపేవాడు. దొర బంగళాలో ఏ కొత్త వస్తువు చూసినా అది మా ఇంటికీ రావాలనేది ఆయన దురద. మాది రేకుల కప్పు, చెక్క గోడల ఇల్లు. అలాంటి ఇంట్లోకి ఒక కరెంటు తీగ లాగించి, ముందుగదిలో ఒక్క బల్బు పెట్టించాడు. మా వీధిలో మన తెలుగువాళ్ళెవరికీ అప్పటికి కరెంటు లేదు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని అవ్వ, అంటే నాన్న తల్లి, రోజూ దెప్పేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడాది చెల్లికి జ్వరం పట్టుకుంది. అమ్మ పుట్టిల్లు రివియేర్ దు రాంపార్‌లో, చెరకు తోటల మధ్య. అక్కడ పెళ్ళికెళ్ళి తెచ్చుకున్న జ్వరం అది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాసేది. డాక్టరు ఇచ్చిన చేదు మందు నోట్లో పెట్టగానే చెల్లి ఉమ్మేసేది. ఇక లాభం లేదని అమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. పిల్ల లేచి గుమ్మం దాటి నడిచేదాకా నీ ముందు దీపం కొండెక్కనివ్వను స్వామీ, అని. దీపం ఆరిందన్న మాట మా ఇళ్ళల్లో అనరు. రామభజన పెట్టుకున్నా అంతే, మధ్యలో దీపం తెల్లారేదాకా నిలవాలి, దాని చుట్టూ తిరుగుతూ పాడాలి.

వకోవా గాలికీ మా గోడల సందులకూ ఒత్తి నిలవడం కష్టం. అమ్మ దీపానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. నిద్ర లేక ఆమె కళ్ళు లోపలికి పోయాయి. అది చూడలేక నాన్న ముందుగది బల్బు తీసి, తీగ సాగదీసి, అప్పన్న పటం ముందు వేలాడదీశాడు. వెలుగుతున్న ఒత్తిని బల్బుకు ఆనించి పట్టుకోమని అమ్మకు చెప్పి, సరిగ్గా అప్పుడే స్విచ్ వేశాడు. దీపంతో దీపం వెలిగించినట్టేనట! ఆ తరవాతే ఒత్తిని కొండెక్కనిచ్చారు.

"గాజుబుడ్డిలో తీగముక్కని దీపమంటావేటిరా? నూనేదీ? ఒత్తేదీ?" అంది అవ్వ.

"గాలికి ఆరదు, ఎలక నూనె తాగదు. సామికి ఇంతకన్నా ఏటి కావాలమ్మా?"

అమ్మ ఎవరూ చెయ్యి పెట్టకుండా స్విచ్‌కి పసుపు దారం చుట్టి ముడేసింది. చాలా రోజులకు ఆమె నడుం వాల్చడం ఆరోజే చూశాను. నాన్న ఆ పని గొప్ప కోసం చెయ్యలేదు, అమ్మ కోసం చేశాడు. అది కూడా చెప్పాలి కదా.

తుఫాను వస్తోందని రైలు స్టేషన్ మీద జెండా ఎత్తారు. నాన్న కిటికీలకు చెక్కలు కొట్టాడు. మధ్యాహ్నానికే ఇల్లు చీకటైంది. పైన రేకులు అరుస్తున్నాయి. చెల్లి మంచాన్ని బల్బు కిందికి జరిపాం. అది బల్బు వైపే చూస్తూ పడుకుంది. కాసేపు మినుకు మినుకుమని బల్బు పోయింది. అమ్మ గాజులు గోడకు తగిలిన చప్పుడైంది. స్విచ్ మీది దారాన్ని తడుముతోంది.

"ఆరలేదు" అన్నాడు నాన్న. "స్విచ్ ఏసే ఉంది. దారిలో ఎక్కడో తీగ తెగుంటాది. మనింట్లో దీపం ఆరలేదు."

"ఒరే, నూనె దీపం ఎట్టరా. సామి ఏటీ అనుకోడు" అంది అవ్వ.

"ఇంకోటెడితే ఇది కొండెక్కిందని మనమే ఒప్పుకున్నట్టు కాదేటి?"

ఇంత తెలివిగా వాదించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇంత తెలివితక్కువగా వాదించిన మనిషినీ చూడలేదు. అమ్మ మాత్రం ఆ మాటనే పట్టుకుంది.

తుఫాను వెళ్ళాక చూస్తే వంటింటి రేకులు సగం లేవు, చెల్లి పడుకున్న గది మీదా ఒక రేకు లేచిపోయింది. చెట్లు దారికి అడ్డంగా పడ్డాయి. కరెంటు స్తంభాలు కోసిన చెరకు గడల్లా ఒకదాని మీద ఒకటి పడున్నాయి. డాక్టరు దగ్గరికి పోయే దారి లేదు. కొట్లో కిరసనాయిలు అయిపోయింది. అగ్గిపెట్టె చెమ్మగిల్లకుండా బియ్యంలో దాచాం. అవ్వ పొయ్యిలో నిప్పు బూడిద కింద కాపాడేది, ఇరుగుపొరుగు వచ్చి ఆ నిప్పే పట్టుకెళ్ళేవారు. మా బుడ్డిలో మిగిలిన కాస్త కిరసనాయిలు చెల్లికి తడిగుడ్డ మార్చే వేళకే. దేవుడి మూల మాత్రం చీకటిగానే ఉంది. వెలగని బల్బు కింద అమ్మ రోజూ పువ్వులు పెట్టి దండం పెట్టుకునేది.

నాన్న రోజూ రోడ్డు దాకా వెళ్ళొచ్చేవాడు. పనివాళ్ళు బంగళాల వైపు స్తంభాలు నిలబెడుతున్నారు. మా వైపు ఎప్పుడని అడిగితే "టాలేర్, టాలేర్" అన్నారట. ఇదిగో వచ్చేస్తాం అని.

"నాన్నా, లాలిమ్యేర్ వచ్చిందా?" అని చెల్లి అడిగేది. లైటుకి మా దీవి భాషలో మేమందరం అనే మాట అదే.

"వచ్చేస్తాది తల్లీ. టాలేర్."

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

చెల్లి పట్టపగలే పోయింది. వాన తెరిపిచ్చింది. రేకు లేచిపోయిన చోటు నుంచి ఎండ మంచం మీద పడుతోంది. మా ఇంట్లో అంత వెలుతురు నేనెప్పుడూ చూడలేదు. అమ్మ చెయ్యి దాని నుదుటి మీద ఉంది. "చల్లబడింది. చూడండత్తా, చల్లబడింది" అంది, జ్వరం దిగిందనుకుని. అవ్వ వచ్చి చూసి, మెల్లగా అమ్మ చెయ్యి తీసేసింది.

పసిపిల్లలకు కర్మలేమిటన్నారు పెద్దలు. అవ్వ వినలేదు. ప్రాణం పోయిన చోట ప్రమిదలో నూనె పోసి, పొయ్యిలో నిప్పుతో ఒత్తి వెలిగించింది. పదోరోజు దాకా అది నిలవాలి. కప్పు సగం లేదు, కిటికీ చెక్కలు ఊడాయి, గాలి ఇంకా వీస్తూనే ఉంది. అయినా ఆ ఒత్తి నిలిచింది. నాన్న దాన్ని చూడలేక వీపు తిప్పి కూర్చునేవాడు.

ఆ దీపం ఉండగానే ఒక సాయంత్రం బల్బు వెలిగింది. మైల ఇంట్లో దేవుడి ముందు దీపం పెట్టకూడదని దానికేం తెలుసు?

"వచ్చీసింది!" అని నాన్న ఎగిరి లేచి చెల్లి మంచం వైపు తిరిగాడు. మంచం ఎత్తేసి గోడకు ఆనించి ఉంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఇప్పుడెవురికి?" అంది. స్విచ్ దగ్గరికెళ్ళి దారం విప్పబోతే ముడి రాలేదు, చెమ్మకు బిగుసుకుపోయింది. వంగి పళ్ళతో కొరికి తెంపింది. స్విచ్ ఆపేసింది.

గదిలో ప్రమిద ఒక్కటే మిగిలింది. నాన్న వెళ్ళి నూనె సీసా అందుకుని అందులో పోశాడు. సగం నేలపాలైంది. రోజూ దెప్పే అవ్వ వంగి ఆ నూనెను కొంగుతో తుడిచింది.