ఎడారి కాగితంలో మూడో గడి

దుబాయిలో ఎడారి చూపించే జీపు ఎక్కబోయే ముందు మనిషికో అరకాగితం ఇచ్చారు. గుండెజబ్బు ఉందా, నడుంనొప్పి ఉందా, గర్భవతులా అని అందులో మూడు గడులు. నా భార్య కాగితం కూడా నేనే నింపాను. మొదటి రెండు గడుల్లో లేదని చకచకా గీశాను. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆమెకు అప్పుడు మూడో నెల.

ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: మేమిద్దరం, బళేపేటలో ఉన్న మా అత్తగారు. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. మొదటిసారి సంబరం పట్టలేక మా అత్తగారు వీధంతా మైసూరుపాకు పంచారు. పంచిన వారానికే పోయింది. అందుకే ఈసారి నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"చూడప్పా, అయిదో నెల పడేదాకా ఎవరి చెవినా వెయ్యొద్దు. మీకు శానా దిష్టి ఉండాది."

ఇలాంటివి నమ్మనని పదిమందిలో గొప్పలు పోయేవాణ్ణి. ఆ మాటను మాత్రం నోరు మూసుకుని విన్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హూడిలో ఉన్న మా ఆఫీసు, ఒక ప్రాజెక్టు బాగా చేశామని మా మేనేజరునీ నన్నూ భార్యలతో సహా నాలుగు రోజులు దుబాయి పంపింది. విమానం ఎక్కవచ్చా అని డాక్టరమ్మను అడిగాను, ఫరవాలేదంది. జీపు గురించి అడగాలని తోచలేదు. అరపూట ఎడారి చూపిస్తారని రాసి ఉంటే, బస్సు కిటికీలోంచి ఇసుక చూపించి, టీ తాగించి, వెనక్కి తెస్తారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ పొద్దున వెళ్ళేది బస్సులో కాదు, జీపులో అని తెలిసి, తలనొప్పి వంకతో నా భార్యను హోటల్లోనే ఉంచాలని చూశాను. మేనేజరు భార్య సాగనివ్వలేదు.

"అయ్యో, అయితే నేను కూడా డ్రాప్ అయిపోతా. నీకు కంపెనీ ఇస్తా," అంది.

ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. ఆవిడతో అరపూట ఒకే గదిలో కూర్చుంటే ఇక దాగేదేముంది? అందుకని బయల్దేరాం.

మూడో గడిలో కాదని గీశాను. డ్రైవరే గైడు కూడా. మలయాళీ. కాగితాలు తీసుకుని, నా భార్య వైపు ఒకసారి చూసి, "పక్కానా సార్?" అని హిందీలో అడిగాడు. పక్కా అన్నాను. ఎడారి అంచుకు చేరాక అతను కిందికి దిగి టైర్లలో గాలి తగ్గించడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, ఇసుక కొండలెక్కి దూకడానికన్నాడు.

మేనేజరు ముందు, ఆడవాళ్ళిద్దరూ మధ్యలో, నేను వెనక. జీపు తిన్నె కొస దాకా ఎక్కి, ఒక్క క్షణం నిలిచి, పక్కకు వాలి కిందికి పడేది. మేనేజరూ ఆయన భార్యా కేరింతలు. నాకు నా భార్య జడ, పైపిడి పట్టుకున్న కుడిచెయ్యి తప్ప ఏమీ కనబడటం లేదు. ఎడమచెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. నడుం వెనక పెట్టుకోమని హోటల్ తువ్వాలు మడిచి ఇచ్చాను. నేను చేసిన ఘనకార్యం అంతే.

ఆపమనాలి. ఏం చెప్పి ఆపాలి? నిజం చెప్పకూడదు. నాకు భయంగా ఉంది, ఆపండి అంటే సరిపోయేది. అంత చిన్న మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో మేనేజరు, "ఏంటి బాస్, వెనక సౌండే లేదు?" అని అరిచాడు.

"సూపర్ సార్," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎదురుగా అన్నిటికంటే పెద్ద తిన్నె. డ్రైవరు గేరు మార్చాడు. నా భార్య ముందుకు వంగి అతని భుజం తట్టింది.

"భయ్యా, రోకో! సార్, ఆపమనండి. మా ఆయనకి శానా భయమైతా ఉండాది. నోరు తెరిచి చెప్పుకోలేరు."

జీపు ఆగింది. మేనేజరు వెనక్కి తిరిగి నన్ను చూసి పగలబడి నవ్వాడు. డ్రైవరు మాత్రం నవ్వలేదు. నా భార్యకు నీళ్ళ సీసా అందించి, మిగతా దారంతా చదును చూసుకుని మెల్లగా నడిపాడు. టీ ఇచ్చే గుడారాల దగ్గర ఆమె బాత్రూముకు వెళ్ళి వచ్చేదాకా నేను బయట నిలబడి ఎందరు దేవుళ్ళకు మొక్కుకున్నానో లెక్కలేదు. ఆమె వచ్చి, ఏమీ కాలేదని తల అడ్డంగా ఊపింది.

సోమవారానికల్లా నా భయం సంగతి హూడి ఆఫీసంతా పాకింది. లిఫ్టు ఎక్కితే, "భద్రం సార్, పైకి పోతుంది," అనేవాళ్ళు. మా అమ్మాయి పుట్టి నడక నేర్చేదాకా ఆ వేళాకోళం సాగింది. దానికి నేనేమీ బాధపడలేదు. నాకు తగిలింది వేరే మాట.

అయిదో నెల పడ్డాక కబురు విని మేనేజరు భార్య మా ఇంటికి వచ్చింది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి నోరు నొక్కుకుంది.

"అంటే ఆ రోజు... పాపం, మీ ఆయన మీద ఎంత అబద్ధం చెప్పావమ్మా!"

నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఉన్నాను.

"అబద్ధమేం కాదక్కా," అంది నా భార్య. "ఆయనకి నిజంగానే భయమై ఉండె. దానికే కదా, ఆపమని అనలేకపోయినారు."